దవడ కీలులో ‘గుజ్జు అరిగింది’ అంటే అసలేం జరిగినట్టు?

మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేటప్పుడు అలవాటుగా వచ్చే మాట ఒకటుంది: గుజ్జు అరిగిపోయింది. ఈ మధ్య అదే మాట దవడకూ అంటుకుంది. నోరు తెరిస్తే చెవి ముందు కటక్కుమంటోందని, నమిలితే నొప్పిగా ఉందని డాక్టరు దగ్గరికి వెళ్తారు. స్కాన్ తీస్తారు. రిపోర్టులో దవడ కీలులో ‘డీజెనరేటివ్ మార్పులు’, అంటే క్షీణత లక్షణాలు, ఉన్నాయని రాస్తారు. దాని గురించి ఎవరినైనా అడిగితే కొందరు గట్టివి ఎక్కువ నమలడం వల్లంటారు, ఇంకొందరు ఒత్తిడి వల్లంటారు.

చిక్కు ఈ ‘ఒత్తిడి’ దగ్గరే మొదలవుతుంది. మనసు మీద పడేదానికీ, ఎముక మీద పడేదానికీ తెలుగులో అదే మాట. ఈ వ్యాసంలో ఒత్తిడి అంటే కీలు లోపల ఒక భాగం ఇంకో భాగాన్ని నొక్కే, రుద్దే, లాగే బలం మాత్రమే. మనసు సంగతి వచ్చినప్పుడు టెన్షన్ అందాం. రెండింటికీ సంబంధం ఉంది, అది తర్వాత వస్తుంది.

‘అరగడం’ అనే మాట కూడా కాస్త తప్పుదారి పట్టిస్తుంది. చెప్పులు అరుగుతాయి, టైర్లు అరుగుతాయి. వాటిని వాడకుండా పక్కన పెడితే అరగవు. జనం గుజ్జు అనేది కీలు మధ్య ఉండే మృదులాస్థిని, అంటే కార్టిలేజ్‌ని. దాన్ని పక్కన పెడితే అది ఇంకా పలచబడుతుంది! ఈ విచిత్రం అర్థమైతే మిగతా విషయం చాలావరకు అర్థమైనట్టే.

రెండు కీళ్లు, ఒకటే ఎముక

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేది కింది దవడ ఎముక పైకొసన ఉండే బుడిపె. కణత ఎముక అడుగున ఉన్న గుంటలో అది కూర్చుంటుంది. గుంటకు ముందు ఒక చిన్న దిబ్బ ఉంటుంది. బుడిపెకూ పై ఎముకకూ మధ్య ఒక డిస్క్ ఉంటుంది, అంచుల దగ్గర మందంగా, నడుమ పలచగా. డాక్టర్లు టీఎంజే అని పిలిచేది ఈ కీలునే.

నోరు కొద్దిగా తెరిచినప్పుడు బుడిపె ఉన్నచోటే తిరుగుతుంది, తలుపు బందు లాగా. ఇంకా తెరిస్తే డిస్క్‌తో సహా ముందుకు జారి దిబ్బ మీదికి వస్తుంది. ఒకే కీలులో తిరగడం, జారడం రెండూ ఉన్నాయి. పైగా కుడి ఎడమల కీళ్లను ఒకే ఎముక కలిపి ఉంచుతుంది కాబట్టి ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. ఒక మోకాలు నొప్పి పెడితే ఆ కాలికి కాస్త విశ్రాంతి ఇచ్చి నడవొచ్చు. దవడకు ఆ వీలు లేదు.

ఇంకో ముఖ్యమైన తేడా మృదులాస్థి రకంలో ఉంది. మోకాలి ఎముకల కొసల మీద ఉండేది గాజులా నున్నగా మెరిసే రకం. దవడ బుడిపె మీద ఉండేది నార ఎక్కువున్న రకం. దాని పైపొరలో స్నాయువుల్లో ఉండే 1వ రకం కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులే ప్రధానం. మోకాలి మృదులాస్థిలో ప్రధానమైన 2వ రకం ఇక్కడ లోపలి పొరల్లో కనిపిస్తుంది. పై నారపొర కింద విభజన చెందే కణాల పొర, దాని కింద ముదిరే కణాలు, అడుగున ఎముకగా మారబోయే కణాలు వరసగా ఉంటాయి. అంటే ఇది ఎముక మీద వేసిన పూతలాంటిది కాదు. ఎదిగే వయసులో దవడ పొడవు పెరగడంలో దీనికీ పాత్ర ఉంది. బుడిపె పైపొరలో మూలకణాలు ఉన్నాయని, అవి మృదులాస్థినీ ఎముకనూ తయారు చేయగలవని 2016లో శాస్త్రవేత్తలు చూపించారు. తనను తాను సర్దుకునే శక్తి ఈ కీలుకు మోకాలి కంటే ఎక్కువని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

భారం ఎంత పడుతుంది? ఒక చిన్న లెక్క

దవడ కీలు మీద అసలు భారమే పడదని ఒకప్పుడు వాదించినవారు ఉన్నారు. కండరాల లాగుడంతా పళ్ల మీదికే పోతుందని, కీలు ఉత్త దారి చూపించే గాడి లాంటిదని వాళ్ల ఊహ. 1970లు, 80లలో కోతుల దవడల మీద కొలత పరికరాలు అమర్చి చూశాక ఆ వాదన నిలబడలేదు. నమిలేటప్పుడు, కొరికేటప్పుడు కీలు మీద భారం పడుతుంది.

ఎందుకు పడుతుందో మామూలు తులాదండం లెక్కతో చూడొచ్చు. కీలును ఆధారబిందువు అనుకోండి. నమిలే కండరాలు కీలుకు 3 సెంటీమీటర్ల ముందు దవడను పైకి లాగుతున్నాయి, ముందు పళ్లు 9 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, వెనక దంతాలు 6 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న ఉజ్జాయింపు అంకెలు.

ముందు పళ్లతో 10 కిలోల బలంతో కొరకాలంటే కండరాలు 30 కిలోల బలంతో లాగాలి, ఎందుకంటే వాటి దూరం మూడో వంతే. 30లో 10 పళ్ల దగ్గర ఖర్చయింది. మిగిలిన 20 రెండు కీళ్ల మీద పడుతుంది. అదే 10 కిలోల బలాన్ని వెనక దంతాల దగ్గర చూపించడానికి కండరాలు 20 కిలోలు లాగితే సరిపోతుంది. అప్పుడు కీళ్ల మీద పడేది 10 కిలోలు. కొరుకు బలం మారలేదు, కీళ్ల వాటా సగమైంది.

నిజమైన దవడలో కండరాలు చాలా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో దిశలో లాగుతుంది, కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. ఒక ఆశ్చర్యం మాత్రం చెప్పాలి. కుడివైపు నమిలితే కుడి కీలే ఎక్కువ నలుగుతుందని అనుకుంటాం. చాలా సందర్భాల్లో భారం ఎక్కువ పడేది ఎడమ కీలు మీద. నమిలే వైపు కండరాల బలంలో పెద్ద భాగాన్ని మధ్యలో ఉన్న ఆహారమే అడ్డుకుంటుంది. అవతలివైపు కండరాలూ లాగుతూనే ఉంటాయి, కానీ అక్కడ పళ్ల మధ్య అడ్డు లేదు.

ఇక్కడితో లెక్క సగమే అయింది. బలం ఎంత అన్నదానితో పాటు అది ఎంత మేర పరుచుకుంది అన్నదీ చూడాలి. 10 కిలోల బలం 2 చదరపు సెంటీమీటర్ల మీద పడితే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. అదే అర చదరపు సెంటీమీటరు మీద పడితే 20. ఇంజనీర్లు ఒత్తిడి అనేది దీన్నే. బుడిపె, గుంట ముందున్న దిబ్బ రెండూ గుండ్రటివే, రెండు గుండ్లు తాకితే తాకే చోటు చిన్నది. మధ్యలో డిస్క్ సర్దుకుని కూర్చుని ఆ చోటును పెద్దది చేస్తుంది. అది పక్కకు తప్పుకుంటే బలం అదే ఉన్నా ఒత్తిడి కొన్ని బిందువుల దగ్గర పోగవుతుంది.

ఈ సంగతి వైద్యరంగానికి బాధాకరంగానే తెలిసింది. 1980లలో చెడిపోయిన డిస్కులను తీసేసి ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ అనే కృత్రిమ పదార్థాన్ని పెట్టారు. దవడ భారానికి అది పొడిపొడి అయింది. ఆ రేణువుల మీద శరీరం ఎదురుతిరగడంతో చాలామందికి చుట్టుపక్కల ఎముక కూడా కరిగిపోయింది. 1990లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద హెచ్చరిక జారీ చేసింది.

నీటి మీద నిలబడే కణజాలం

మృదులాస్థిలో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది ఆగ్రికాన్ అనే పెద్ద అణువు. దానికున్న రుణావేశం నీటిని లోపలికి లాగుతుంది, కొల్లాజెన్ వల అది మరీ ఉబ్బకుండా బిగించి పట్టుకుంటుంది. భారం పడగానే లోపలి నీరు ఇరుకు సందుల్లోంచి వెంటనే బయటికి పోలేదు. కాబట్టి మొదటి క్షణాల్లో బరువులో ఎక్కువ భాగాన్ని నీటి పీడనమే మోస్తుంది, ఘనభాగం మీద పడేది తక్కువ.

నొక్కి అలాగే ఉంచితే కథ మారుతుంది. నీరు మెల్లగా జారిపోతుంది, బరువు పోగుల మీదికీ కణాల మీదికీ బదిలీ అవుతుంది, ఉపరితలాల మధ్య రాపిడి పెరుగుతుంది. వదిలేస్తే నీరు తిరిగి లోపలికి వస్తుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. దానికి పోషణ అందేది కీలు చుట్టూ ఉన్న జిగురు ద్రవం నుంచే. నొక్కడం, వదలడం అనే లయ ఆ ద్రవాన్ని లోపలికీ బయటికీ తోస్తుంది. నమలడం ఒక రకంగా మృదులాస్థికి భోజనం పెట్టడం.

అందుకే ‘ఎంత బలంగా’ అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ‘ఎంతసేపు వదలకుండా’ అన్నదీ చూడాలి. ఊహకు ఒక లెక్క. ఒకరు రోజుకు మొత్తం అరగంట నములుతారు, సెకనుకు ఒకసారి, ప్రతిసారీ సెకనులో మూడో వంతు సేపు కీలు మీద 10 కిలోల భారం. మొత్తం 1800 నొక్కుళ్లు, అంటే 10 నిమిషాల భారం. 10ని 10తో గుణిస్తే 100. ఇంకొకరు కంప్యూటర్ ముందు టెన్షన్‌తో తెలియకుండానే పళ్లు బిగించి రెండు గంటలు కూర్చుంటారు, బలం అందులో నాలుగో వంతే, 2.5 కిలోలు. 120 నిమిషాలను 2.5తో గుణిస్తే 300. బలం తక్కువే, భారం మోసిన మొత్తం మూడు రెట్లు. పైగా మధ్యలో నీరు తిరిగొచ్చే విరామం లేదు. దవడ విశ్రాంతిలో ఉన్నప్పుడు పెదవులు మూసి ఉన్నా పళ్ల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండటం సహజం. పళ్లు తాకి ఉండటమే విశ్రాంతి అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మనసులోని టెన్షన్ కీలులోని ఒత్తిడిగా మారే దారి ఇదే.

కణానికి ఆ బరువు తెలిసేదెలా?

మృదులాస్థి కణం తన చుట్టూ ఉన్న పోగులకు ఇంటిగ్రిన్లు అనే అణువులతో కట్టుకుని ఉంటుంది. పోగు సాగితే కణానికి తెలుస్తుంది. దాని పొరలో ఒత్తిడికి తెరుచుకునే చిన్న తలుపులూ ఉన్నాయి. పీజో1, పీజో2 అనే తలుపులను 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం కనిపెట్టింది. స్పర్శ, ఉష్ణ గ్రాహకాల పరిశోధనకు ఆయన డేవిడ్ జూలియస్‌తో కలిసి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఇంకో తలుపు పేరు టీఆర్‌పీవీ4. మృదులాస్థి కణాల మీద జరిగిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, మామూలు మోతాదు ఒత్తిడికి టీఆర్‌పీవీ4 స్పందించి కణాన్ని కొత్త పదార్థం తయారు చేసే పనిలో పెడుతుంది. గాయం చేసేంత ఒత్తిడికి పీజోలు తెరుచుకుంటాయి, కణంలోకి కాల్షియం వరదలా వస్తుంది, కణం చనిపోవచ్చు కూడా.

ప్రయోగశాలలో కణాలను సాగదీసి చూసినా ఇదే ధోరణి. కొద్దిగా సాగదీస్తే వాపు సంకేతాలు అణుగుతాయి. బాగా సాగదీస్తే అవే కణాలు ఐఎల్-1 వంటి వాపు సంకేతాలను పెంచుతాయి. ఆ సంకేతాల వెంట ఎంజైములు వస్తాయి. ఏడీఏఎంటీఎస్ రకం ఎంజైములు ఆగ్రికాన్‌ను, ఎంఎంపీ-13 వంటివి కొల్లాజెన్‌ను కత్తిరిస్తాయి.

ఇక్కడో విషవలయం ఉంది. ఆగ్రికాన్ తెగితే నీరు నిలవదు. నీరు నిలవకపోతే బరువు పోగుల మీదా కణాల మీదా పడుతుంది. దాంతో కణం ఇంకా ఎంజైములు వదులుతుంది. కీలు ద్రవంలో నూనెలా జారుడునిచ్చే లూబ్రిసిన్, హయలురోనిక్ ఆమ్లం తగ్గితే రాపిడి పెరిగి నొక్కుడుకు తోడు అడ్డంగా లాగే బలం కూడా చేరుతుంది. నారపొరకు నొక్కుడు కంటే ఈ అడ్డలాగుడే ఎక్కువ చేటని భావించేవారు ఉన్నారు. పళ్లు బిగించినప్పుడు కీలు లోపలి కణజాలానికి ఆక్సిజన్ తగ్గి, వదిలినప్పుడు ఒక్కసారిగా తిరిగొచ్చి హానికర రసాయనాలు పుడతాయన్నది ఇంకో సిద్ధాంతం.

కీలు ఇలా క్షీణించే జబ్బు పేరు ఆస్టియో ఆర్థరైటిస్. దాన్ని ఇప్పుడు మృదులాస్థి జబ్బుగా మాత్రమే చూడటం లేదు. కింది ఎముక, కీలు లోపలి పొర, డిస్క్, స్నాయువులు అన్నీ ఇందులో పాల్గొంటాయి. అందుకే గుజ్జు ‘అరిగింది’ అనే కంటే, కణాలు కట్టే వేగాన్ని కూల్చే వేగం దాటింది అనడం నాకు సరిగ్గా అనిపిస్తుంది. మాట పొడవైందనుకోండి.

భారం తగ్గినా తంటానే

ఎలుకలకు ఎదిగే వయసులో మెత్తని తిండి మాత్రమే పెట్టి చూశారు. ముందు పళ్లు కూడా తరచూ కత్తిరించి కొరకకుండా చేశారు. వాటి బుడిపె మీది మృదులాస్థి పలచబడింది, కణాల విభజన తగ్గింది. ఎక్కువ కాలం కదలకుండా కట్టేసిన ఏ కీలులోనైనా ఇలాంటిదే కనిపిస్తుంది. టొరంటోకు చెందిన ఎముకల వైద్యుడు రాబర్ట్ సాల్టర్ 1970లలో కుందేళ్ల మోకాళ్ల మీద చేసిన పరిశోధనలో, గాయపడిన మృదులాస్థి కదలికలో ఉంచితేనే బాగా మానింది.

మరోవైపు కుందేళ్ల నోటిని బలవంతంగా పెద్దగా తెరిచి ఉంచిన ప్రయోగాల్లో వాటి దవడ కీళ్లలో ఆర్థరైటిస్ లాంటి మార్పులు వచ్చాయి. రెండు చివర్లా నష్టం, నడుమ ఒక సురక్షిత పట్టీ ఉందన్నమాట. ఆ పట్టీ ఎంత వెడల్పన్నది అందరికీ ఒకేలా ఉండదు.

ఒకే భారం, వేరు వేరు కీళ్లు

దవడ నొప్పి సమస్యలు ఆడవాళ్లలో ఎక్కువ, అందులోనూ 20 నుంచి 40 ఏళ్ల మధ్య. ఆడవాళ్లు మగవాళ్ల కంటే బలంగా కొరుకుతారా అంటే, సగటున తక్కువ బలంతోనే కొరుకుతారు. కాబట్టి భారం ఒక్కటే కారణమైతే ఈ లెక్క తలకిందులు కావాలి. ఈస్ట్రోజెన్ పాత్ర ఉందని చాలామంది అనుమానిస్తారు, కానీ జంతు ప్రయోగాల ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు.

వయసు, దవడకు తగిలిన పాత దెబ్బ, రుమటాయిడ్ వంటి జబ్బులు, వంశపారంపర్యం ఇవన్నీ కీలు తట్టుకునే శక్తిని మారుస్తాయి. కొందరు యువతుల్లో బుడిపె కనిపించే కారణం లేకుండానే కరిగి పొట్టిదవుతుంది. చాలామంది నిపుణులు చెప్పే సూత్రీకరణ ఇది: కీలు సర్దుకునే శక్తిని భారం మించితే చేటు. అది రెండు రకాలుగా జరగొచ్చు, మామూలు కీలు మీద అతి భారమైనా పడాలి, బలహీనమైన కీలు మీద మామూలు భారమైనా పడాలి. వినడానికి బాగుంది. ఇబ్బందల్లా, ఆ శక్తిని ముందుగా కొలిచే పరీక్ష ఏదీ చేతిలో లేకపోవడమే. జబ్బు వచ్చాక ‘శక్తి మించింది’ అనడం సులువు.

పళ్ల వరుస మీద పాత తగవు

1934లో జేమ్స్ కోస్టెన్ అనే అమెరికన్ చెవి, ముక్కు, గొంతు వైద్యుడు, వెనక దంతాలు పోయినవారిలో దవడ మరీ మూసుకుపోయి కీలు దగ్గర ఒత్తిడి పెరుగుతుందని, చెవి పోటు, తలనొప్పి వంటివి అందుకే వస్తాయని రాశాడు. ఆయన చెప్పిన శరీర నిర్మాణ వివరణ తర్వాత నిలవలేదు. కానీ పళ్ల వరుస సరిగా లేకపోతే కీలు చెడుతుందనే ఆలోచన దశాబ్దాల పాటు దంతవైద్యాన్ని నడిపించింది.

ఆ పక్షానికి బలమైన ఆధారం జంతు ప్రయోగాలే. ఎలుక ముందు పళ్లకు ఒకవైపు లోహపు తొడుగు అతికించి అవి అడ్డదిడ్డంగా తాకేలా చేస్తే, వారాల్లోనే బుడిపె మృదులాస్థి క్షీణిస్తుంది. తొడుగు తీసేస్తే కొంత కోలుకుంటుంది కూడా. కారణానికీ ఫలితానికీ ఇంతకంటే నేరుగా సంబంధం చూపించడం కష్టం.

రెండో పక్షం అడిగేదీ సబబే. ఎలుక నోట్లో ఒక్క రోజులో తెచ్చిన మార్పును, మనిషి నోట్లో ఏళ్ల తరబడి మెల్లగా వచ్చే తేడాతో పోల్చవచ్చా? పళ్ల వరుస బాగాలేని కోట్ల మందికి కీళ్లు బాగానే ఉన్నాయి. పైగా బుడిపె కరిగి పొట్టిదైతే దవడ వెనక్కి వాలి ముందు పళ్లు కలవడం మానేస్తాయి. అంటే కొన్నిసార్లు పళ్ల తేడా జబ్బుకు కారణం కాదు, ఫలితం. అమెరికా జాతీయ అకాడమీలు 2020లో వెలువరించిన నివేదిక ఈ సమస్యలను పళ్లకే పరిమితం చేసి చూడొద్దని, శరీరం, మనసు, నిద్ర అన్నీ కలిసిన విషయంగా చూడాలని చెప్పింది. నా అంచనాలో మనుషుల మీది ఆధారాలు ప్రస్తుతం ఈ రెండో పక్షానికే ఎక్కువ మొగ్గుతున్నాయి.

నిద్రలో పళ్లు కొరకడం గురించి కూడా ఇలాంటి తేడాయే. ‘మీరు పళ్లు కొరుకుతారా?’ అని అడిగి తెలుసుకున్న అధ్యయనాల్లో దవడ నొప్పితో సంబంధం బలంగా కనిపిస్తుంది. నిద్ర ల్యాబులో యంత్రాలతో కొలిస్తే అది బలహీనపడుతుంది. నొప్పి ఉన్నవారికి ‘కొరుకుతున్నావేమో’ అని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండటం ఒక కారణం కావచ్చు.

స్కాన్‌లో కనిపించేది, నొప్పి చెప్పేది

ఏ నొప్పీ లేనివారికి ఎంఆర్ఐ తీసినా దాదాపు ముగ్గురిలో ఒకరికి డిస్క్ పక్కకు తప్పుకుని కనిపిస్తుంది. వాళ్లలో చాలామందికి డిస్క్ వెనక ఉన్న మెత్తని కణజాలమే నారలా గట్టిపడి కొత్త డిస్క్ పని చేస్తూ ఉంటుంది. మృదులాస్థిలో నరాలు లేవు, కాబట్టి నొప్పి అక్కడి నుంచి రాదు. వాచిన లోపలి పొర, కింది ఎముక, అలిసిన కండరాలు నొప్పి పెడతాయి. అందుకే ఎముక మార్పులకూ నొప్పికీ అంకెలు సరిపోవు.

ఇద్దరి సీబీసీటీ (దవడ ఎముకలను చూపించే ఒక రకం సీటీ స్కాన్) రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిదానిలో బుడిపె పైభాగం చదునుగా ఉంది, అంచు తెల్లగా, తెగకుండా ఉంది. రెండోదానిలో అంచు అక్కడక్కడా కొరికేసినట్టు ఉంది, లోపల చిన్న గుంత కూడా ఉంది. ‘డీజెనరేటివ్’ అన్న మాట రెండింటి మీదా పడొచ్చు. 2014 నుంచి దవడ కీలు సమస్యల నిర్ధారణకు ప్రపంచమంతా వాడుతున్న డీసీ/టీఎండీ ప్రమాణాల ప్రకారం అంచు తెగినా, లోపల గుంతలు పడినా, ఎముక కొమ్ములా పెరిగినా ఆస్టియో ఆర్థరైటిస్ కింద లెక్క. ఉత్త చదును, అంచు గట్టిపడటం మాత్రమే ఉంటే లెక్కలోకి రావు, ఎందుకంటే కీలు తన భారానికి తగ్గట్టు ఆకారం మార్చుకుని కుదురుకున్నా అలాగే కనిపిస్తుంది. రెండో వ్యక్తికి ఏడాది, రెండేళ్ల తర్వాత మళ్లీ స్కాన్ తీస్తే, తెగిన అంచు మీద కొత్త గట్టి ఎముక పొర ఏర్పడి, ఆకారం మారినా నున్నగా కనిపించే కేసులు తక్కువేమీ కాదు. ఒక్క స్కాన్ ఒక్క రోజు ఫోటో మాత్రమే కాబట్టి, ఆ కీలు కరుగుతోందా, కుదురుకుంటోందా అన్నది అది చెప్పలేదు. రెండో ఫోటో కావాలి.